పాత అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్‌లో ఒరిజినల్ ఏది, అతుకు ఏది

నెల్లూరు, ఒంగోలు వైపు పాత అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు బాడీకీ పెయింటుకీ ఎంతైనా పెడతారు. ఇగ్నిషన్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి బిగించు, స్టార్టయితే చాలు" అంటారు. స్టార్టవడం వేరు, మే నెల ఎండలో నలుగురిని ఎక్కించుకుని హైవే మీద గూడూరు దాకా వేడెక్కకుండా లాగడం వేరు. ఆ తేడా చాలావరకు డిస్ట్రిబ్యూటర్ లోపల, అంటే స్పార్కు కరెంటును ఒక్కో సిలిండరుకీ సరైన క్షణంలో పంచే భాగంలో, ఉంటుంది.

ముందు కిరోసిన్ గుడ్డతో దాని ఒళ్లు తుడవండి. వైర్ బ్రష్, ఎమరీ పేపరు పెట్టొద్దు. అల్యూమినియం మీద గుద్దిన అంకెలు లోతుగా ఉండవు, గట్టిగా రుద్దితే పోతాయి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ మీద మోడల్ పేరు (డీఎం2, 25డీ4, ఆ తర్వాతి కాలంలో 45డీ4), అయిదంకెల పార్టు నంబరు, తయారీ తేదీ ఉంటాయి. 25డీ4 మీద 25 68 అని ఉంటే 1968లో 25వ వారంలో చేసిందని అర్థం. ఆ తేదీ బండి తయారీ కంటే కొంచెం ముందుండాలి. తర్వాతిదైతే మధ్యలో ఎవరో మార్చారన్నమాట.

ఇంకో ఆనవాలుంది. అంబాసిడర్ 1957లో సైడ్‌వాల్వ్ ఇంజనుతో వచ్చింది, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను పెట్టారు. మద్రాసు పాడిలోని లూకాస్-టీవీఎస్ కంపెనీ మొదలైంది 1961లో. కాబట్టి 1960 బండికి ఆ పేరున్న డిస్ట్రిబ్యూటర్ కనబడితే అది బండితో వచ్చింది కాదు. అంతమాత్రాన దాన్ని పారేయకండి, మన్నికలో దానికి వంక పెట్టలేం.

పైన నంబరు సరిపోయిందని సంతోషపడి ఆగిపోకూడదు. ఒళ్లు ఒక బండిది, లోపలి సామాను ఇంకో బండిది కావడం చాలా మామూలు. పాయింట్లు (కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్చు) కూర్చునే బేస్ ప్లేటు విప్పితే క్యామ్ అడుగున ఒక అంకె కనిపిస్తుంది. అది సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్, అంటే వేగం పెరిగేకొద్దీ వెయిట్లు విచ్చుకుని స్పార్కును ముందుకు జరపడం, గరిష్ఠంగా ఎన్ని డిగ్రీలో చెబుతుంది. 10 అని ఉంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర పది, క్రాంకు దగ్గర ఇరవై, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరిగేసరికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. ఇంజను పీల్పుతో స్పార్కును జరిపే వాక్యూమ్ యూనిట్ మీద మూడు అంకెలుంటాయి, ఉదాహరణకు 5-13-10. అయిదు అంగుళాల పాదరసం వాక్యూమ్ దగ్గర కదలడం మొదలవుతుంది, పదమూడు దగ్గర పూర్తిగా లాగుతుంది, మొత్తం పది డిగ్రీలు తిప్పుతుంది. ఈ అంకెలు మీ ఇంజను మాన్యువల్‌తో కలవకపోతే, టైమింగ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా ఐడిల్‌లో బాగుంటుంది, స్పీడులో మాత్రం నాక్ కొడుతుంది (ఇంజను లోపల టకటకలాడుతుంది), లేదా లాగదు.

అక్కడే వెయిట్లకు రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి సన్నది, ఒకటి లావుది. లావుదాని కొక్కెం పొడుగ్గా, బండి ఆగి ఉన్నప్పుడు వదులుగా ఆడుతూ ఉంటుంది. ఆ వదులు కావాలని పెట్టిందే. వేగం కొంత పెరిగాక గానీ ఆ స్ప్రింగు పనిలోకి రాదు. అరిగిపోయిందనుకుని రెండూ సమానంగా ఉండే గట్టి స్ప్రింగులు వేస్తే అడ్వాన్స్ ఆలస్యంగా వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది. షెడ్డులో ఏళ్లతరబడి నిలబెట్టిన బండికి వెయిట్లు తుప్పుతో పట్టేస్తాయి. కింద షాఫ్టు పట్టుకుని రోటర్‌ను (పైన తిరుగుతూ కరెంటు పంచే ముక్క) అది తిరిగే వైపే, అంటే పైనుంచి చూస్తే ఎడమకి, కొంచెం తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి.

లోపలి రెండు చిన్న వైర్లను తప్పకుండా చూడండి. ఒకటి కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చేది, రెండోది బేస్ ప్లేటును ఒళ్లుకు ఎర్త్ చేసేది. సన్నటి రాగి పోగులు అల్లి పైన నూలు తొడుగు వేసినవైతే పాతవి. వాక్యూమ్ లాగినప్పుడల్లా ప్లేటుతో పాటు వంగాలి కాబట్టే అంత మెత్తగా చేశారు. చాలా బండ్లలో వాటి చోట ఇంటి వైరింగు ముక్క ఉంటుంది. అది ప్లేటును కదలనివ్వదు, లేదా లోపలే తెగి తొడుగు మాత్రం నిలబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే మిస్సవుతుంటే ముందు ఈ వైర్లనే అనుమానించాలి.

డూప్లికేట్ బెడద రోటర్‌లో ఎక్కువ. ఇత్తడి పలకను రివిట్‌తో బిగించినవాటిలో, నాసిరకం ప్లాస్టిక్ అయితే, కరెంటు రివిట్ గుండా కింద షాఫ్టుకు దిగిపోతుంది. పరీక్ష తేలికే. క్యాప్ (పై మూత) తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొసను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో రోటర్ ఇత్తడికి 3 మి.మీ. దూరంలో పట్టుకుని స్టార్టర్ కొట్టించండి. స్పార్కు వరసగా దూకుతూ ఉంటే ఆ రోటర్ పనికిరాదు. చుట్టుపక్కల పెట్రోలు వాసన లేకుండా చూసుకుని చేయండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో క్యాప్ టెర్మినళ్లకు తెల్లటి పొక్కు పడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో తేమ పట్టి లోపల పెన్సిల్ గీతల్లా నల్లటి దారులు ఏర్పడతాయి. గీత పడ్డ క్యాప్‌ను గోకి వాడొద్దు, మార్చాల్సిందే. నడిమి కార్బన్ బ్రష్ వేలితో నొక్కితే లోపలికెళ్లి తిరిగి రావాలి.

పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతు). పాత రెండు ముక్కల పాయింట్లయితే ఇన్సులేటింగ్ వాషర్ల వరస విప్పేముందే ఫోటో తీసుకోండి. కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న డబ్బా) వైరు, కాయిల్ వైరు పాయింటు స్ప్రింగును తాకాలి గానీ అది తొడిగిన మేకును తాకకూడదు. తాకితే అసలు స్పార్కే రాదు. కండెన్సర్ విలువ 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ మధ్య ఉండాలి. కాయిల్ ప్రైమరీ మల్టీమీటర్‌లో 3 ఓమ్స్ పైచిలుకు చూపాలి. ఒకటిన్నర చూపితే అది కరెంటు తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్‌తో వాడే కాయిల్. నేరుగా 12 వోల్టులిస్తే పాయింట్లు మాడిపోతాయి.

మద్రాసులో పాత బండి సామాన్ల బజారైన పుదుపేటలో కొనబోయేటప్పుడు మీ పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. కింది డాగ్ (ఇంజనుకు తగులుకుని తిరిగే ముక్క) పళ్లు మధ్యకు కాకుండా కాస్త పక్కకు ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి రోటర్ ఏ దిక్కు చూస్తోందో పోల్చండి. డాగ్‌ను ఎవరైనా విప్పి తిరగేసి బిగించి ఉంటే టైమింగ్ 180 డిగ్రీలు తప్పుతుంది. షాఫ్టును పక్కలకు ఊపి చూడండి. చేతికి తెలిసేంత ఆట ఉంటే బుష్ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. క్యాప్ విప్పి చూపించనంటే ఆ ముక్క అక్కడే వదిలేసి రండి.