డాబాకు సున్నం కొట్టేది మే నెలలో కాదు

పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో ఒంగోలులో పైఅంతస్తులో పడుకునేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. 2015 మే వడగాలులకు రాష్ట్రంలో ఎక్కువమంది చనిపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. అయినా వార్డు వేసవి ప్లాను అంటే ఇప్పటికీ చలివేంద్రం, మజ్జిగ ప్యాకెట్లే. ముందు పైకప్పుల లెక్క తీయండి: రేకుల ఇళ్లు ఎన్ని, పైన నీడ లేని డాబాలు ఎన్ని, అంగన్‌వాడీ ఏ కప్పు కింద నడుస్తోంది.

ఎండను తిప్పికొట్టి కింద గదిలో వేడి తగ్గించడానికి స్లాబు మీద తెల్లపూత వేస్తారు, దానికి మామూలు సున్నం చాలు. వెయ్యి చదరపు అడుగులకు రెండు పూతలు వేయాలంటే 20 నుంచి 25 కిలోల సున్నం పడుతుంది. నెల్లూరులో స్థలం అంకణాల్లో చెప్పుకుంటాం గానీ సున్నం కొనేముందు చదరపు అడుగుల్లోకి మార్చుకోండి. పులికాట్ వైపు గుల్లసున్నమైనా, పిడుగురాళ్ల రాతిసున్నమైనా పనికొస్తుంది.

ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడిపోతుంది. ఒకరోజు నాననిచ్చి, కిలో సున్నానికి మొత్తం ఐదు లీటర్ల నీళ్ల లెక్కన పలుచన చేసి, పలచటి గుడ్డలో వడకట్టి, 20 కిలోలకు కిలో చొప్పున తెల్ల జిగురు కలపాలి. గోడలకు అలవాటు కొద్దీ వేసే నీలిమందు ఇక్కడ వద్దు. కంటికి తెల్లగా కనబడుతుందే తప్ప ఎండను తిప్పికొట్టే గుణం తగ్గుతుంది.

నాచును వైరుబ్రష్‌తో గీకి, బీటలు పూడ్చి, డాబాను తడిపి, నీళ్లు నిలవకుండా చూసి మొదటి పూత వేయాలి. మర్నాడు రెండోది, మొదటిదానికి అడ్డంగా. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే: మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద కొట్టేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిలా గట్టిపడాలంటే తడి ఉండాలి. నిమిషంలో ఆరిపోతే అరికాలికి పిండిలా అంటుకుంటుంది, పడమటి గాలికి ఎగిరిపోతుంది. అందుకే ఫిబ్రవరి నెలాఖరులో, సాయంత్రం పూట, పూత ఆరాక రెండు రోజులు నీళ్లు చిలకరిస్తూ చేయాలి. వీధంతా ఒకేసారి చేసుకుంటే డ్రమ్ము, బ్రష్‌లు, కూలీ కలిసొస్తాయి. సున్నం ఒకే లోడుగా తెప్పించడానికి డ్వాక్రా సంఘం చాలు.

ఇనప రేకుల మీద సున్నం నిలవదు, రేకుల కోసం చేసిన తెల్ల అక్రిలిక్ రంగు కొనాలి. ఆస్‌బెస్టాస్ రేకును మాత్రం పొడిగా గీకకండి. ఆ పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం.

కనిగిరి, పొదిలి పొడి ఎండకు ఈ పూత బాగా తెలుస్తుంది. కావలి, నెల్లూరు ఉక్కపోతకు మాత్రం ఇదొక్కటే చాలదు, గాలి ఆడాలి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగితే కరెంటు తక్కువ తాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులు.

తొలి రెండు వానల నీళ్లు సంపులోకి పోనివ్వకుండా గొట్టం పక్కకు తిప్పండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలకు ముందు డాబా తూముల జాలీలు కడగండి. రాలిన సున్నం పెచ్చులు అక్కడే పేరుకుంటాయి.