సెకండ్ హ్యాండ్ బాలెనో ఆర్‌ఎస్ కొనాలా వద్దా: ఇప్పటిదాకా జరిగింది

బడ్జెట్ ఐదున్నర లక్షలు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులన్నీ కలిపినా ఆరు దాటకూడదు. టర్బో పెట్రోల్ కావాలి, క్లచ్ తొక్కి గేర్ వేసుకునే బండే కావాలి, హ్యాచ్‌బ్యాకే కావాలి ఎందుకంటే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నాలుగు మీటర్లు దాటిన బండి పెడితే పిల్లర్‌కి ఆనుతుంది. ఇంట్లో ఉన్న పాత స్విఫ్ట్‌కి ఏ రోగమూ లేదు, నాకే కొంచెం పికప్ ఉన్న బండి మీద మోజు, అది ముందే చెప్పేస్తే ఎవరూ అవసరమా అని అడగరు.

ముందు లిస్టులోంచి ఏవేవి ఎందుకు పోయాయో చెప్తా. పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ అయితే కళ్ళు మూసుకుని కొనెయ్యాలనిపిస్తుంది, 110 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎమ్ టార్క్, ఆరు గేర్లు, కానీ అది 2020లో వచ్చి 2022లో పోలోతో పాటే ఆగిపోయింది, దొరికేవి తక్కువ, దొరికినవాటికి ఓనర్లు చెప్పే రేట్లు వింటే కొత్తది కొంటున్నామా పాతది కొంటున్నామా అని డౌటొస్తుంది. దానికన్నా ముందొచ్చిన జీటీ టీఎస్‌ఐ 1.2 చవకే, కాకపోతే దాంట్లో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మాన్యువల్ లేనే లేదు, పైగా దాన్ని నడిపే మెకట్రానిక్స్ యూనిట్ పోతే వచ్చే బిల్లుకి నా బడ్జెట్ ఆగదు. అబార్త్ పుంటో 145 పీఎస్ అంటే నోరూరుతుంది గానీ ఫియట్ ఇండియాలో కార్లు అమ్మడం ఎప్పుడో మానేసింది, పార్టుల కోసం వాట్సాప్ గ్రూపుల్లో పడి అడుక్కునే ఓపిక నాకు లేదు. టియాగో జేటీపీ నాకు ఇష్టమే, కానీ మా ఊళ్ళో అమ్మకానికి కనపడితే ఒట్టు. ఐ20 టర్బో 2020లో వచ్చినప్పుడు ఉన్నవి ఐఎమ్‌టీ, డీసీటీ, రెండిట్లోనూ క్లచ్ పెడల్ లేదు.

అలా మిగిలింది మారుతి బాలెనో ఆర్‌ఎస్. 2017 మార్చిలో వచ్చింది, 998 సీసీ మూడు సిలిండర్ల బూస్టర్‌జెట్ ఇంజిన్, 102 పీఎస్, 150 ఎన్‌ఎమ్, ఐదు గేర్లు, వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులు, బరువు మాత్రం 950 కిలోలే. కాగితం మీద పోలో కన్నా తక్కువే గానీ ఈ బరువుకి ఆ టార్క్ సరిపోతుంది, 1700 ఆర్‌పీఎం నుంచే మొత్తం వచ్చేస్తుంది. పెద్దగా అమ్ముడుపోలేదు, 2019 సెప్టెంబర్‌లో ధర ఒకేసారి లక్ష తగ్గించారు, బీఎస్6 కాలుష్య నిబంధనలు రాకముందే ఆపేశారు. ఆ లక్ష సంగతి బేరంలో పనికొస్తుంది, కొత్తదే అంత తగ్గిందని చాలామంది ఓనర్లకి గుర్తుండదు. ఇంకో మంచి విషయం ఏంటంటే అదే కుటుంబం ఇంజిన్ 2023లో ఫ్రాంక్స్‌లో మళ్ళీ తిరిగొచ్చింది, కాబట్టి మెకానిక్‌లకి ఇది వింత జంతువు కాదు.

మొదటి బండి హైదరాబాద్‌లో కొంపల్లి వైపు ఒక డీలర్ దగ్గర చూశా, నీలం రంగు, 2017 మోడల్. ఫోన్‌లో ముందే చెప్పా, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజిన్ చల్లగా ఉండాలి అని, ఎందుకంటే రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లలోనే అసలు సంగతులు బయటపడతాయి, చైన్ గలగలమంటుందా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుందా, ఐడిల్ వణుకుతుందా అన్నీ. వెళ్ళేసరికి బోనెట్ కాలిపోతోంది. "ఇప్పుడే వాటర్ వాష్‌కి పంపించాం సార్" అన్నారు. సరే అని ఇంజిన్ కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టా, బ్లూటూత్‌ది, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. ఎర్రర్ కోడ్‌లు ఒక్కటీ లేవు. కానీ అందరూ అక్కడితో ఆగిపోతారు, దాని కిందే ఇంకో లైన్ ఉంటుంది, కోడ్‌లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. అక్కడ 12 అని ఉంది. అంటే నాకు చూపించడానికి ముందు రోజో ఆ రోజో ఎవరో శుభ్రంగా తుడిచారు. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ స్క్రూలు తలలు అరిగిపోయి ఉన్నాయి, క్లచ్ పైకొచ్చాక గానీ పట్టట్లేదు. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచి, కొన్నాళ్ళు ఉతికి, అమ్మే ముందు మళ్ళీ కంపెనీ సెట్టింగుకి తెచ్చిన బండి అని నా అనుమానం, రుజువు లేదు, రుజువు అక్కర్లేదు కూడా. 150 ఎన్‌ఎమ్‌కి చేసిన క్లచ్ మీద అంతకన్నా ఎక్కువ తోస్తే ముందు అదే చేతులెత్తేస్తుంది. నమస్కారం పెట్టి వచ్చేశా.

రెండోది గుంటూరులో. బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ పెద్దాయన, కొడుకు కొన్న బండి, కొడుకు అమెరికా వెళ్ళిపోయాడు, ఈయన వారానికోసారి గుడికీ కూరగాయలకీ తీస్తారు. 2018 మోడల్, మీటర్ మీద 41 వేలు. ఇలాంటి కథలు డీలర్లు కూడా చెప్తారు కాబట్టి కథని నమ్మకుండా బండిని చూశా. టైర్ల మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది, ముందు రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం. నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా, 2018వే. 41 వేలకి ఒరిజినల్ టైర్లు ఉండటం సబబే, మీటర్ తిప్పలేదని కొంత ధైర్యం, కాకపోతే గ్రిప్ మిగిలినా రబ్బరు ముసలిదైపోయింది, మార్చాల్సిందే, 195/55 ఆర్16 సైజు నాలుగూ కలిపి పాతిక ముప్పై వేలు బేరంలోంచి తీసెయ్యొచ్చు.

నేను బోనెట్ మీద అరచెయ్యి ఆనించి చూస్తుంటే పెద్దాయన నవ్వి "ఏం బాబూ, జ్వరం చూస్తున్నావా?" అన్నారు. "లేదంకుల్, పొద్దున తీశారేమో అని" అంటే "నిన్నటి నుంచి తియ్యలేదు, నువ్వే కదా తియ్యొద్దన్నావు" అన్నారు. ఆ ఒక్క మాటకి బండి సగం నచ్చేసింది. స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం టిక్కుమని సర్దుకుంది, పొగ లేదు. ఆయిల్ క్యాప్ కింద బురద లేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే పైపు జాయింట్ దగ్గర వేలు పెడితే కొంచెం ఆయిల్ తడి తగిలింది, టర్బో బళ్ళలో పలచగా తడి ఉండటం మామూలే, కారుతుంటే మాత్రం ఆలోచించాలి, ఇది కారట్లేదు.

అమరావతి రోడ్డు మీదకి తీసుకెళ్ళా. మూడో గేర్‌లో 1500 దగ్గర నుంచి నిదానంగా నొక్కితే 2000 లోపే నెట్టడం మొదలైంది, మధ్యలో వెలితి లేదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సన్నగా ఈల, అది ఉండాల్సిందే, అంబులెన్స్ సైరన్ లాంటి ఊళ ఉంటేనే భయపడాలి. నాలుగో గేర్‌లో 40 దగ్గర పూర్తిగా తొక్కి క్లచ్ జారుతుందేమో చూశా, ఆర్‌పీఎం, స్పీడు కలిసే ఎక్కాయి. స్కానర్‌లో కోడ్‌లు చెరిపి వేల కిలోమీటర్లయినట్టు చూపించింది, అంటే ఈమధ్య ఎవరూ తుడవలేదు. డ్రైవ్ అయ్యాక ఓ నిమిషం ఐడిల్‌లో వదిలి, తర్వాత యాక్సిలరేటర్ ఒకసారి తొక్కితే కూడా సైలెన్సర్ దగ్గర నీలం ఛాయ లేదు, టర్బో సీల్ పోయి ఉంటే సాధారణంగా ఇక్కడే దొరికిపోతుంది.

ఇంత బాగున్నా అక్కడే టోకెన్ ఇవ్వకపోవడానికి కారణం రీకాల్. 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 బాలెనో ఆర్‌ఎస్ బళ్ళని వెనక్కి పిలిచింది, 2016 అక్టోబర్ 27 నుంచి 2019 నవంబర్ 1 మధ్య తయారైనవి, బ్రేకులకి సాయం చేసే వ్యాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని, లోపముంటే పెడల్ మామూలు కన్నా గట్టిగా తొక్కాల్సి రావొచ్చని చెప్పింది. ఈ మోడల్ కొనేవాళ్ళు ఇంకేం చూడకపోయినా ఇది చూడాలి. మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో పుట్టే పీల్పుతోనే బ్రేక్ బూస్టర్ పనిచేస్తుంది, మనం కాలితో పెట్టే బలానికి అది బలం కలుపుతుంది. టర్బోలో బూస్ట్ ఎక్కినప్పుడు అదే మేనిఫోల్డ్‌లో పీల్చడం పోయి గాలి నెట్టడం మొదలవుతుంది, అక్కడి నుంచి ఎప్పుడూ కావలసినంత పీల్పు దొరకదు, అందుకే విడిగా పంపు పెడతారు. ఆ పంపు మొరాయిస్తే బ్రేకులు ఉంటాయి, సాయమే ఉండదు.

ఇంటి ముందే పరీక్ష చేశా. ఇంజిన్ ఆపి పెడల్‌ని గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి, తర్వాత కాలు అలాగే పెట్టి స్టార్ట్ చెయ్యాలి, పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్‌కి పీల్పు అందుతున్నట్టు. దిగింది. అయినా చాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఈ బండి రీకాల్‌లో ఉందని వచ్చింది, ఫైల్‌లో ఉన్న సర్వీస్ బిల్లుల్లో పంపు మార్చినట్టు ఎక్కడా లేదు. పెద్దాయన్ని అడిగితే "ఏదో ఫోనొచ్చింది బాబూ, ఇన్సూరెన్స్ వాళ్ళనుకుని పెట్టేశా" అన్నారు. ఇవాళ పెడల్ దిగిందని రేపు కూడా దిగుతుందని గ్యారంటీ లేదు కదా. మార్చడం ఫ్రీనే, కాబట్టి ఆయనకి ఒకటే చెప్పా, అంకుల్, మీరు ఒకసారి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళి ఆ పని చేయించి జాబ్ కార్డ్ నాకు పంపండి, ఆ తర్వాతే టోకెన్ అని. ఆయన అస్సలు చిరాకు పడలేదు, "మావాడికి కొంటున్నా నేను ఇలాగే అడుగుతా" అన్నారు.

ఇక డబ్బు సంగతి. అడిగింది 5.40, టైర్లు, లక్ష తగ్గింపు కథ, పక్క రాష్ట్రం నంబర్ ప్లేట్, ఈ మూడూ చెప్పి 5.05కి ఒప్పించా. మూడోదే పెద్ద తలనొప్పి. ఏపీ బండి తెలంగాణకి తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, ఓనర్‌షిప్ మార్పుకి 29, 30, ఆ తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టి టీజీ నంబర్ తీసుకోవాలి. ట్యాక్స్ బండి వయసు బట్టి తగ్గుతుంది గానీ చిన్న మొత్తం కాదు, కొనే ముందే లెక్క వేయించుకోకపోతే చవగ్గా దొరికిందన్న సంతోషం ఆర్టీవో కౌంటర్ దగ్గర ఆవిరైపోతుంది. ఆర్సీలో హైపోథికేషన్ కాలమ్ చూశా, లోన్ తీరిపోయింది, బ్యాంక్ పేరు కూడా తీసేశారు, చాలామంది లోన్ తీర్చి ఆర్సీలో మాత్రం ఆ పేరు అలాగే వదిలేస్తారు. చలాన్లు రెండు రాష్ట్రాల సైట్లలోనూ చూశా, ఓవర్ స్పీడ్‌ది ఒకటి ఉంది, కొడుకు కాలంనాటిదట, పెద్దాయనే కట్టారు. ఇన్సూరెన్స్ ఇంకో ఎనిమిది నెలలుంది, నా పేరు మీదకి 14 రోజుల్లోపు మార్పించుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో రాదు, అది ఓనర్‌ది, ఆ తేడా నేను కట్టాలి.

ఒక్క అసంతృప్తి మిగిలింది, ఇది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి ముందు తయారైన బండి, ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. మైలేజ్ కొంత తగ్గుతుందని తెలిసే తీసుకుంటున్నా, ఫ్యూయల్ హోస్‌లు మాత్రం ప్రతి సర్వీస్‌లో పైకెత్తి చూపించమని మా మెకానిక్‌కి చెప్పా.

జాబ్ కార్డ్ ఫోటో నిన్న వాట్సాప్‌లో వచ్చింది, వ్యాక్యూమ్ పంప్ రీప్లేస్డ్ అని స్పష్టంగా ఉంది, చాసిస్ నంబర్ ఆర్సీతో సరిపోల్చుకుని పాతిక వేలు టోకెన్ పంపించా, మిగతాది ఎన్‌ఓసీ చేతికొచ్చాకే అని ఒక కాగితం రాసుకున్నాం. బండి తెచ్చేది పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా, ఆ పాత టైర్లతో 80 దాటకుండా. వచ్చాక వరుసగా టైర్లు, సింథటిక్ ఆయిల్, ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడ్, అవన్నీ అయ్యాకే ట్యాంక్ నుంచి ట్యాంక్‌కి కొలిచిన మైలేజ్ ఇక్కడ రాస్తా.