పేరు ఊడిపోయిన జాకెట్

నా దగ్గరున్న, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా పైలట్ల ఏ-2 తోలు జాకెట్‌కి ఎడమ రొమ్ము మీద సన్నటి రంధ్రాలున్నాయి. రెండు వరసలు, మధ్యలో వేలెడు ఎడం. దీపాన్ని పక్కకి పెట్టి వెలుగు ఏటవాలుగా పడేట్టు చూస్తే తప్ప కనబడవు. ఒకప్పుడు అక్కడ, వేసుకున్న మనిషి పేరు అచ్చు కొట్టిన తోలు పట్టీ ఉండేది. దాని కింద అరచెయ్యంత మేర గుండ్రంగా తోలు రంగు కాస్త ముదురుగా ఉంది. అది స్క్వాడ్రన్ ప్యాచ్, అంటే ఆ మనిషి పనిచేసిన విమాన దళం గుర్తు, ఉన్న చోటు. చుట్టూ ఎండకీ వాడకానికీ రంగు వెలిసిపోయింది. ప్యాచ్ కప్పిన చోట మాత్రం అలాగే నిలిచింది.

పదకొండేళ్ళుగా ఈ ఫ్లైట్ జాకెట్లు పోగు చేస్తున్నాను. అసలువి నాలుగు, రీప్రొడక్షన్లు (పాతవాటిని చూసి ఈ కాలంలో కుట్టిన నకళ్ళు) మూడు. అన్నిట్లోనూ నాకు ఇదంటేనే ఎక్కువ ప్రాణం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికా సైన్యపు విమాన విభాగం, ఆర్మీ ఎయిర్ కోర్, 1931లో తీసుకున్న తోలు జాకెట్ ఏ-2. అంతకుముందు 1927 నుంచీ ఏ-1 వాడేవారు. దానికి ముందు వైపు బొత్తాలు, మెడకి ఉన్ని అల్లిక. ఏ-2కి జిప్ పెట్టారు, చొక్కాకున్నట్టు తోలు కాలర్ పెట్టారు, భుజం పట్టీలు కుట్టారు. కాలర్ కొసల కింద టిచ్ బటన్లు కనబడకుండా దాగి ఉంటాయి, గాలికి కాలర్ లేచి మొహానికి కొట్టుకోకుండా. వీపు మొత్తం ఒకే తోలు ముక్క. మనిషి వీపంత వెడల్పున గాయం మచ్చ, ముడత లేకుండా ఒక్క ముక్క కోయాలంటే ఎంత తోలు వెతకాలో, ఎంత పక్కన పడేయాలో ఆలోచించండి. చవకగా చేసినవాటిలో వీపు మీద అతుకులు కనబడేది అందుకే.

నా జాకెట్ మెడ దగ్గర లేబుల్ ఇంకా నిలిచే ఉంది. రఫ్ వేర్ క్లోతింగ్ కంపెనీ, మిడిల్‌టౌన్, పెన్సిల్వేనియా. ఆర్డర్ నంబర్ 42-1401-పి. సైన్యం ఒకే నమూనా ఇచ్చినా, కుట్టిన కంపెనీలు చాలా. న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో ఏరో లెదర్, ఇంకా డూబౌ, పెర్రీ స్పోర్ట్స్‌వేర్, స్టార్ స్పోర్ట్స్‌వేర్. కాలర్ కొస ఎంత సూదిగా ఉంది, జేబు మూత ఎలా వంపు తిరిగింది, భుజం పట్టీ ఎంత వెడల్పుంది, వీటిని చూసి లేబుల్ లేకపోయినా ఏ కంపెనీదో చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ చూపు రావడానికి అయిదేళ్ళు పట్టింది, ఇప్పటికీ సగం కంపెనీల దగ్గర తడబడతాను.

అయిదేళ్ళు పట్టడానికి కారణం ఉంది. మూడో ఏట ఒక దెబ్బ తిన్నాను. వీపు మీద బాంబర్ బొమ్మ, దాని కింద వరసగా పాతిక చిన్న బాంబులు పెయింట్ చేసిన జాకెట్ ఒకటి అమ్మకానికొచ్చింది. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన ఎయిత్ ఎయిర్ ఫోర్స్‌లో మొదట్లో పాతిక మిషన్లు పూర్తి చేస్తే ఇంటికి పంపేవారు. ఒక్కో బాంబు బొమ్మ ఒక్కో మిషన్‌కి గుర్తు. అందుకే పాతిక బాంబులంటే ఆ మనిషి బతికి బయటపడ్డాడని లెక్క. అది చూడగానే నా బుర్ర పని చేయడం మానేసింది. అమ్మినాయన మాటలు నమ్మి కొనేశాను.

ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూశాను. తోలు ముడతల్లో సన్నటి పగుళ్ళున్నాయి, పెయింట్ ఆ పగుళ్ళలోకి దిగి ఉంది. అక్కడే గుండె జారింది. తోలు కొత్తగా ఉన్నప్పుడు వేసిన పెయింటయితే, తోలు పగిలినప్పుడు తనూ దానితో పాటే పగలాలి. పగుళ్ళలోకి పెయింట్ దిగిందంటే, తోలు ముసలిదయ్యాక ఎవరో బ్రష్ పట్టుకున్నారు. తర్వాత చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ వేశాను. అసలు కుట్లన్నీ నీలం తెలుపుగా మెరిశాయి. ఆ కాలం నూలు దారం అలా మెరవదు. జిప్‌నో కఫ్‌నో తర్వాత మార్చిన చోట మెరిస్తే అది రిపేర్ అనుకోవచ్చు. చంక నుంచి నడుము దాకా ప్రతి కుట్టూ మెరిస్తే ఇంక చెప్పుకోవడానికేం లేదు. ఎవరో రీప్రొడక్షన్ జాకెట్ లేబుల్ పీకేసి, గరుకు కాగితంతో అరగదీసి, బొమ్మ వేసి అమ్మారన్నమాట. డబ్బు పోయినందుకు బాధే. కానీ ఎవరూ ఎగరని పాతిక మిషన్ల లెక్కని అంత శ్రద్ధగా వీపు మీద వేశారే, దానికి నాకింకా కోపం తగ్గలేదు.

రీప్రొడక్షన్లంటే నాకు చులకనేమీ లేదు. రోజూ వేసుకునేది వాటినే. ఎనభై ఏళ్ళు దాటిన గుర్రపు తోలుని బస్సుల్లో, వానలో తిప్పకూడదు. జపాన్‌లో బజ్ రిక్సన్స్, ద రియల్ మెకాయ్స్, ఇంగ్లండ్‌లో ఈస్ట్‌మన్, స్కాట్లండ్‌లో ఏరో లెదర్ (పాత బీకన్ కంపెనీ కాదు, అదే పేరున్న వేరేది) లాంటివాళ్ళు పాత జాకెట్లని ముందు పెట్టుకుని, ఒక్కో కాంట్రాక్ట్‌ని, అంటే ఒక్కో కంపెనీ ఒక్కో సైన్యం ఆర్డర్ కింద కుట్టిన నమూనాని, విడివిడిగా దించుతారు. దారం, జిప్, లైనింగ్ బట్ట, లేబుల్ అక్షరాలు, అన్నీ. అంత నిజాయతీ పని మీద దొంగ లేబుల్ కుట్టేవాళ్ళే నాకు పడనిది.

వేసుకునే పద్ధతి గురించి ఒక మాట. ఏ-2 కొనేవాళ్ళు చాలామంది ఒక సైజు పెద్దది కొంటారు. వద్దండీ. అది కాక్‌పిట్‌లో కూర్చునేవాళ్ళ కోసం కోసిన జాకెట్. నడుము అల్లిక బెల్టు దగ్గర ఆగాలి. చంక పైకి ఉంటుంది కాబట్టి, చెయ్యి ముందుకి చాపినా జాకెట్ మొత్తం లేవదు. పెద్దది కొంటే ఈ తెలివంతా వృథా. మొదటి నెల బిగుతుగా, కవచంలా ఉంటుంది. ఆ తర్వాత మోచెయ్యి వంపు దగ్గర మడతలు పడతాయి, అవి మీ చేతికి మాత్రమే పడే మడతలు. నా రీప్రొడక్షన్‌కి ఆరు చలికాలాలు పట్టింది కుడి మోచెయ్యి రంగు తేలడానికి. ఎడమది ఇంకా తేలలేదు.

మిగతా మూడు అసలువాటి గురించి క్లుప్తంగా. నేవీ వాళ్ళ జీ-1 ఒకటి, మేక తోలు, బొచ్చు కాలర్. జిప్ వెనకాల గాలి ఆపే తోలు పట్టీ మీద యూఎస్ఎన్ అని రంధ్రాలతో ఉంటుంది. చెయ్యి చాపితే విచ్చుకునేలా వీపుకి రెండు పక్కలా మడతలు పెట్టారు. గొర్రె తోలు బీ-3 ఒకటి, 1934లో వచ్చిన రకం. గాలి పీడనం ఏర్పాటు లేని బాంబర్లలో, కిటికీ తెరిచి తుపాకీ పట్టుకునేవాళ్ళకి సున్నాకి నలభై డిగ్రీల కింద చలిలో అదే దిక్కు. బరువుకి భుజాలు లాగేస్తాయి. ఇక నైలాన్ ఎంఏ-1. లోపలి నారింజ రంగు 1960 ప్రాంతంలో వచ్చింది. విమానం కూలితే తిరగేసి తొడుక్కుంటే వెతికేవాళ్ళకి కనబడాలని. దానికి బొచ్చు కాలర్ లేదు, పారాచూట్ పట్టీలకి అడ్డం పడుతుందని ఉన్ని అల్లిక పెట్టారు. నైలాన్ మంటకి కరిగి ఒంటికి అంటుకుంటుంది కనక, 1970లలో మంటకి తాళే నోమెక్స్ జాకెట్లొచ్చాయి. వాటి మీద నాకు గౌరవమే గానీ, ప్రేమ లేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఏ-2 వచ్చిన కొత్తలో తోలు ఎండినట్టు అనిపించి, కుడి భుజం మీద నూనె గట్టిగా పట్టించాను. ఆ భుజం నల్లబడింది. రంగు మళ్ళీ రాలేదు. పైగా పాత దారం నూనె పీల్చి బలహీనపడింది, ఒకచోట కుట్టు విడిపోయింది. ఇప్పుడు పొడిబట్టతో దుమ్ము తుడవడం తప్ప దాన్నేమీ చేయను. కఫ్‌లూ, నడుము అల్లికా ఉన్నివి, చిమ్మెట పురుగులు ముందు వాటినే పడతాయి. కొత్తగా ఏది కొన్నా గాలి చొరకుండా కవర్‌లో కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఆ తర్వాతే అల్మరాలోకి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి, తేమ పడుతుంది.

మళ్ళీ ఆ రంధ్రాల దగ్గరికి వస్తాను. వాటి మీద కొత్త పేరు పట్టీ కుట్టించమని, గుండ్రటి మచ్చ మీద మంచి స్క్వాడ్రన్ ప్యాచ్ ఒకటి పెట్టమని ఇప్పటికి ముగ్గురు సలహా ఇచ్చారు. చూపుకి నిండుగా ఉంటుందట. ఉంటుంది, నిజమే. కానీ కొత్త సూది పాత రంధ్రంలో సరిగ్గా దిగదు. పక్కన ఇంకో రంధ్రం పడుతుంది. అలా రెండుసార్లు జరిగితే అసలు పట్టీ ఎంత పొడుగుందో చెప్పడం కూడా కష్టం. ఏ పేరు కుట్టాలన్నది మరో ప్రశ్న. నా రీప్రొడక్షన్ మీద కూడా ప్యాచ్‌లు లేవు. నేను ఏ స్క్వాడ్రన్‌లోనూ పని చేయలేదు.

పోయిన ఆదివారం జాకెట్ బల్ల మీద పరిచి లైనింగ్ చూస్తుంటే మా అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది.

"నాన్నా, ఇక్కడేదో రాసుంది."

మెడ పట్టీ కింద, బట్ట మడతలో, మాసిన సిరాతో ఒక అక్షరం, ఒక గీత, అంకెలు. నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ చోటు చూశానో, మరక అనుకుని వదిలేశాను. అమెరికా సైనికులు తమ బట్టల మీద ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీస్ నంబర్ చివరి నాలుగు అంకెలు వేసుకునేవారు, లాండ్రీలో కలిసిపోకుండా. అక్షరం 'ఎమ్' అని తేలిగ్గానే తెలుస్తోంది. అంకెల్లో చివరి రెండు తెలుస్తున్నాయి, ముందు రెండూ చెమటకి అలుక్కుపోయాయి.

"అయితే ఆయన పేరు ఎమ్‌తో మొదలవుతుందా?"

"ఇంటిపేరు."

ఆ సాయంత్రమంతా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, దీపాన్ని ఈ వైపు నుంచీ ఆ వైపు నుంచీ తిప్పుతూ మొదటి అంకె మూడా ఎనిమిదా అని చూస్తూనే ఉన్నాం. తను మూడంటుంది, నాకు ఎనిమిదిలా ఉంది. వెలిసిన సిరా కొన్నిసార్లు ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో తేలుతుంది. ఆ కెమెరా ఉన్న మిత్రుడొకరు వచ్చే నెల వస్తానన్నారు. ఏమైనా తేలితే ఇక్కడే రాస్తాను.