చౌరస్తాలో సర్కిల్ గీసే ముందు దుమ్ము చూడండి

హైదరాబాద్‌లో ఏ చౌరస్తాకు వెళ్లినా తారు మీద కొన్ని చోట్ల దుమ్ము, కంకర, గుట్కా ప్యాకెట్లు పేరుకుని ఉంటాయి. అక్కడికి చక్రం రాదన్నమాట. వాన వెలిసిన మర్నాడు బురద ఆరితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ జాగా టేపుతో కొలిచి కాగితం మీద వేసుకోండి. ఫుట్‌పాత్ వెడల్పుకు, సైకిల్ దారికి స్థలం లేదనే మాట ఎవరన్నా అంటే చూపించడానికి పనికొస్తుంది.

ఇక్కడ చెప్పేది ఒకే వరుసలో బళ్లు తిరిగే సర్కిల్ గురించి. రోజుకు సుమారు 20,000 బళ్ల వరకు అది తట్టుకుంటుంది. సైనిక్‌పురి, వనస్థలిపురం లోపలి చౌరస్తాల లాంటి చోట్లకు సరే, పంజాగుట్టకు కాదు. వరుసలు రెండైతే ఆగిన బస్సు చాటు నుంచి దూసుకొచ్చే బైకు నడిచేవాళ్లకు కనబడదు. అలాంటిచోట సిగ్నలే మేలు.

సర్కిల్ బయటి వ్యాసం 30 నుంచి 35 మీటర్లు, బళ్లు తిరిగే దారి 5.5 మీటర్లు. దాని లోపలి అంచున 2 మీటర్ల గరుకు రాతి పట్టీ, 50 మిల్లీమీటర్ల ఎత్తున. బస్సు వెనక చక్రాలు దాని మీదికి ఎక్కి తిరుగుతాయి, కార్లవాళ్లకు ఎక్కబుద్ధి కాదు. రాయికి మనకు కొదవా, గ్రానైట్ ముక్కలు చాలు. ఈ పట్టీ దండగని తారునే 7.5 మీటర్లు చేస్తే బైకులు వంపు తిరగకుండా తిన్నగా కోసుకుపోతాయి. బండి నడిచే గీత వ్యాసార్ధం 20 మీటర్ల దగ్గరుంటే వేగం గంటకు 25–27 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. నడిచేవాళ్ల ప్రాణం కాపాడేది ఈ వంపే, బోర్డులు కాదు. ఫ్రీ లెఫ్ట్ ఉంటే వంపు ఉండదు కాబట్టి దాన్ని మూసేయాల్సిందే.

లోపల తిరుగుతున్న బండికే దారి ఇవ్వాలన్నది బ్రిటన్‌లో 1966లో వచ్చిన నియమం. మన దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండికి ఆగాలి. కానీ ఇక్కడ లోపలికి ముక్కు దూర్చినవాడిదే దారి. లోపలివాళ్లు ఆగిపోతే వెనకాల బయటికెళ్లే దారి కూడా మూసుకుపోయి సర్కిల్ మొత్తం బిగుసుకుంటుంది. ప్రవేశం 3.5 మీటర్లకు మించకుండా ఉంచితే పక్కపక్కన రెండు ఆటోలు దూరడం తగ్గుతుంది.

జీబ్రా లైన్లు సర్కిల్ అంచు నుంచి 5–6 మీటర్లు వెనక్కి ఉండాలి, అంటే ఒక కారు నిలబడే జాగా. ఇంకా వెనక్కి జరిపితే జనం అంత చుట్టు తిరగరు, తిన్నగానే దాటేస్తారు. జీబ్రా కింద రోడ్డును 100 మిల్లీమీటర్లు ఎత్తాలి. బస్సు మార్గమైతే వాలు పొడవు 1.5 మీటర్లకు తగ్గకూడదు. నడుమ డివైడర్ దగ్గర ఆగే చోటు 2.5 మీటర్లయినా ఉండాలి. సైకిల్ పొడవు దాదాపు 1.8 మీటర్లు మరి. మీటరు డివైడర్ మీద ఆగితే వెనక చక్రం రోడ్డు మీదే ఉంటుంది.

సైకిల్ దారి సర్కిల్ లోపల అంచున రంగు గీతగా వేయడం అన్నిటికన్నా చెడ్డ పని. బయటికి తిరిగే కారు నేరుగా ఆ గీతను కోస్తుంది. డచ్ పద్ధతిలో దాన్ని విడిగా బయట తిప్పి, జీబ్రా పక్కనే దాటిస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. సంతోషమే, కానీ సైకిల్‌కు అసలు గండం చౌరస్తాలో. ఒకవైపు దారే వేసినా రాంగ్ రూట్‌లో రాకుండా ఎవరూ ఉండరు, లోపలికొచ్చే డ్రైవరేమో కుడివైపే చూస్తాడు. కాబట్టి వెడల్పు 3 మీటర్లు పెట్టి, రెండు వైపులా వస్తారనుకునే గీయండి.

బైకులు సైకిల్ దారిలోకి ఎక్కకుండా బొల్లార్డులు, అంటే పొట్టి స్తంభాలు, పాతుతారు. చక్రాల కుర్చీకి 900 మిల్లీమీటర్లు కావాలి, బైకు హ్యాండిల్ దానికన్నా ఇరుకు. రెంటినీ వేరుచేసే సందు లేదు. దారి మొదట్లో గట్టి మలుపు కొంత అడ్డుకుంటుంది, పూర్తిగా కాదు.

నడుమ ఐలాండ్ మీద మట్టిదిబ్బ చాలు, అవతలి రోడ్డు కనబడకపోతే డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. విగ్రహం పెడితే జయంతికి దండలతో జనం బళ్ల మధ్య నుంచే దాటాలి. చార్మినార్ చుట్టూ ఏళ్ల తరబడి బళ్లు తిరిగాయి. నడుమ ఉన్నది జనం చేరాల్సిన చోటైతే సర్కిల్ పనికిరాదు.

ఎత్తు స్తంభం మీది హైమాస్ట్ లైటు ఒక్కటే నడుమ నిలబెడితే జీబ్రా మీది మనిషి నల్లటి నీడలా మిగులుతాడు. బండి వచ్చే వైపు, జీబ్రాకు కాస్త ముందే స్తంభం ఉండాలి. ఎత్తిన జీబ్రా అంచున నీళ్లు నిలుస్తాయి కాబట్టి కర్బ్ పక్కన కాలువ వదిలి జల్లెడ మూత వేయాలి. మూత సందులు సైకిల్ వెళ్లే దిక్కుకు అడ్డంగా ఉండేలా చూడండి. నిలువుగా వేస్తే ముందు చక్రం దిగబడుతుంది.