అలంకారం తీసేస్తే మిగిలేది: పదహారు వారాల ఇంగ్లీషు నోటుపుస్తకం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి బస్తాల రద్దీ మే నెలతో తగ్గుతుంది. మళ్లీ పత్తి దిగేదాకా సాయంత్రాలు నావే. ఈ ఏడాది జూన్ రెండో వారం నుంచి ఆ సాయంత్రాలను ఒక వింత పనికి పెట్టాను. ఇంగ్లీషు ప్రసంగాల్లో, ప్రకటనల్లో మన మనసును ఎక్కడ ఎలా తిప్పుతున్నారో పట్టుకోవడం. దీనికి పరీక్షా లేదు, జీతమూ పెరగదు. నాలుగేళ్ల క్రితం ఒక ఇంగ్లీషు కరపత్రం చదివి, కంటితో చూడని ప్లాటుకు పది వేల రూపాయల బయానా ఇచ్చి పోగొట్టుకున్నాను. ఆ కరపత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది. దాన్ని సరిగా చదవడం నేర్చుకోవాలన్న పంతమే దీనికి మూలం.

సరంజామా పెద్దగా లేదు. 200 పేజీల పొడుగు నోటుపుస్తకం, మూడు రంగుల పెన్నులు, ఒక స్కేలు. ప్రసంగాన్ని జిరాక్సు షాపులో వరుసల మధ్య రెట్టింపు ఖాళీతో, కాగితానికి ఒకవైపే తీయిస్తాను. రెండువైపులా తీయిస్తే కాస్త డబ్బు మిగులుతుంది గానీ, గీసిన బాణాలు వెనక పేజీకి దిగి చదవనివ్వవు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు.

మొదటి వారం

సుమారు 2,300 ఏళ్ల క్రితం అరిస్టాటిల్ చెప్పిన మూడు మార్గాలకు మూడు రంగులు ఇచ్చాను. చెప్పేవాడి మీద నమ్మకం కలిగించడం ఈథోస్, ఆకుపచ్చ. వినేవాడి గుండెను కదిలించడం పేథోస్, ఎరుపు. కారణం, లెక్క చూపించడం లోగోస్, నీలం. పుస్తకంలో నిర్వచనాలు చదివితే నాకు నిద్ర వచ్చింది. మరునాడు దుకాణంలో మేలుకున్నాను. ఒక ఖరీదుదారు బస్తాలో చేయి పెట్టి కాయ విరిచి రైతుతో అంటున్నాడు: “ఇరవై ఏళ్లుగా నీ సరుకు నేనే కొంటున్నాను కదా అన్నా. తేమ చూడు, ఇంకా ఆరలేదు. పిల్ల పెళ్లి పెట్టుకున్నావు, ఇవాళే అమ్ముకుని పో.” ఆకుపచ్చ, నీలం, ఎరుపు, వరసగా మూడూ. రైతు తల గోక్కుని, “ఆ ఇరవై ఏళ్లూ తేమే చెబుతున్నావు” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆకుపచ్చ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

రెండో వారం

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఇరవై వాక్యాలు ఏరి ఇచ్చింది. అలంకారం పేరు నేను చెప్పాలి. ఆరు సరిపోయాయి. తప్పుల్లో రెండు రాసుకోదగ్గవి. ‘లైక్’ అనే మాట కనిపించిన ప్రతిచోటా ఉపమ అని రాశాను. మనకు ‘వలె’ ఉన్నట్టు వాళ్లకు ‘లైక్’ ఉంది గానీ, ‘నాకు ఇష్టం’ అనడానికీ అదే మాట. రెండోది అనుప్రాస, అంటే ఒకే ధ్వని మళ్లీ మళ్లీ రావడం. సిటీ, కాటన్ రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయని జత కట్టాను. ఫోటో, ఫాస్ట్ వేర్వేరు అక్షరాలని వదిలేశాను. రెండూ తప్పే. తెలుగులో చెవితో పట్టే దాన్ని ఇంగ్లీషుకు వచ్చేసరికి కంటితో వెతికాను. అప్పటినుంచి పైకి చదవకుండా పెన్ను ముట్టుకోవడం లేదు.

నాలుగో వారం

ఇప్పటివరకు నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇది. ప్రతి వాక్యఖండంలో మొదటి మూడు మాటలను ఎడమవైపు, చివరి రెండు మాటలను కుడివైపు నిలువుగా రాయాలి. 1940 జూన్ 4న బ్రిటన్ పార్లమెంటులో అప్పటి ప్రధాని చర్చిల్ చేసిన ప్రసంగం చివరి భాగాన్ని అలా రాస్తే, ఎడమవైపు ‘వి షల్ ఫైట్’ మెట్ల వరుసలా దిగింది. ఇలా మొదట్లో ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం పేరు అనాఫొరా. నా పుస్తకంలో ‘తలకట్టు’ అని రాసుకున్నాను. నిలువుగా రాయడం వల్ల ఇంకొకటి కూడా కనిపించింది. సముద్రతీరం, పొలాలు, వీధులు, కొండలు అంటూ పోరాటం జరిగే చోటు మారుతూ వచ్చి, ఆఖరి మెట్టు మీద ‘ఫైట్’ మాయమవుతుంది. అక్కడ లొంగిపోవడం అన్న మాట వస్తుంది, ఎన్నటికీ జరగదని చెప్పడానికి. చెవి ‘ఫైట్’కు అలవాటు పడ్డాకే ఆ మార్పు దెబ్బ తగులుతుంది.

1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసి కెనెడీ అన్న మాటకు స్కేలు కావలసి వచ్చింది. దేశం నీకేమి చేయగలదని కాదు, నువ్వు దేశానికేమి చేయగలవని అడుగు. రెండు సగాలను ఒకదాని కింద ఒకటి రాసి ‘దేశం’ నుంచి ‘దేశం’కి, ‘నువ్వు’ నుంచి ‘నువ్వు’కి గీతలు గీస్తే కత్తెర గుర్తు వస్తుంది. కయాజ్మస్ అన్న పేరు ఆ ఆకారంలో ఉండే గ్రీకు అక్షరం నుంచే వచ్చింది.

ఐదు, ఆరు వారాలు

నోటుపుస్తకం తెరవలేదు. జ్వరం కొంత, బద్ధకం ఎక్కువ.

ఏడో వారం

గ్రీకు పేర్లు నోట నిలవడం లేదని ప్రతిదానికీ మన మాటల్లోంచి ఒక ఉదాహరణ కట్టుకున్నాను. పారాలిప్సిస్ అంటే చెప్పనంటూనే చెప్పడం: “వాళ్లింటి సంగతి మనకెందుకు గానీ...” అని మొదలుపెట్టే పక్కింటివాళ్లు అందరికీ తెలుసు. లైటోటీస్ అంటే కాదనడం ద్వారా అవుననడం: “ఆయనేమీ తక్కువవాడు కాదు.” అనాడిప్లోసిస్ మన ముక్తపదగ్రస్తానికి దగ్గరి చుట్టం, విడిచిన మాటనే మళ్లీ అందుకోవడం. దానికి నా వాక్యం: కాజీపేట దాటితే హనుమకొండ, హనుమకొండ దాటితే వరంగల్. రోజూ బస్సులో చేసే ప్రయాణమే కనుక మరిచిపోయే ప్రసక్తి లేదు.

ఎనిమిదో వారం

బీరువా తెరిచాను. కరపత్రం నాలుగు మడతల దగ్గర చిరిగింది. ఎర్ర పెన్నుతో మొదలుపెట్టాను. ‘మీ పిల్లలు మీకు కృతజ్ఞతలు చెబుతారు’: ఎరుపు. ‘డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులు నమ్మినది’: ఆకుపచ్చ, పైగా మూడింటి వరస. మూడు చెబితే లోకమంతా చెప్పినట్టుంటుంది. ‘ధర రెట్టింపయింది, మళ్లీ రెట్టింపవుతుంది’: నీలం అని రాయబోయి ఆగాను. ఎప్పటి నుంచి ఎప్పటికి రెట్టింపు? ఎంత నుంచి ఎంతకు? అంకె వేషం వేసుకున్న ఆశ అది. నీలం కొట్టేసి ఎరుపు పెట్టాను. ‘ఏడు ప్లాట్లు మాత్రమే మిగిలాయి’ అన్నది తొందరపెట్టడం. ‘రింగు రోడ్డుకు ఇరవై నిమిషాలు’ అన్నారు. ఏ వేళలో, ఏ బండి మీద అన్నది లేదు.

తరువాత కొత్త కాగితం తీసుకుని రంగు పడిన మాటలన్నీ వదిలేసి మిగిలింది ఎత్తి రాశాను. సర్వే నంబరు లేదు. విస్తీర్ణం లేదు. అనుమతి సంఖ్య లేదు. మిగిలింది ఒక ఫోను నంబరు, ఒక చెట్టు బొమ్మ, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. పది వేలు ఆ చెట్టుకు ఇచ్చానన్నమాట. దీనికి ‘వలిచి చూడడం’ అని పేరు పెట్టి, ప్రతి పాఠానికీ ఇక ఇదే పరీక్ష అని పుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

పదో వారం

అట్ట మీది మాటను కొట్టేయాల్సి వచ్చింది. పంద్రాగస్టు వారం కదా అని 1947లో నెహ్రూ చేసిన అర్ధరాత్రి ప్రసంగం తీసుకున్నాను. ప్రపంచం నిద్రిస్తున్న వేళ భారతదేశం మేలుకుంటుందన్న వాక్యాన్ని వలిచి చూస్తే నిలవదు. మనకు అర్ధరాత్రి అయినప్పుడు లండన్‌లో సాయంత్రం, అమెరికాలో పట్టపగలు. మరి నెహ్రూదీ కరపత్రమేనా? రెండు రోజులు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. అరిస్టాటిలే దారి చూపాడు. ఆయన ప్రసంగాలను మూడు రకాలు చేశాడు. ఇక ముందు ఏమి చేయాలో సభలో చెప్పేది, జరిగినదాని మీద న్యాయస్థానంలో వాదించేది, వేడుకలోనో సంతాపంలోనో కొనియాడేది. ఆ అర్ధరాత్రి నెహ్రూ ఎవరికీ ఏదీ అమ్మడం లేదు, వేడుకలో మాట్లాడుతున్నాడు. పెళ్లి పత్రికలో రాసిన మాటకు రసీదు అడగరు. నోటుపుస్తకంలో ప్రతి పాఠానికీ ‘సందర్భం’ అనే గడి అదనంగా చేర్చాను. వలిచే ముందు అది నింపాలి.

పన్నెండు, పదమూడో వారాలు

ఒక్క ప్రసంగం మీదే పది రాత్రులు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాట్లాడింది. మొదట తేదీ చెబుతాడు: 1950 జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నాం. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం. ఇది విరోధం చూపే వాక్యం, సులభంగానే దొరికింది. నన్ను ఆపింది తరువాతిది. రాజకీయాల్లో మనం ఒప్పుకునే సూత్రం ‘వన్ మ్యాన్ వన్ వోట్, వన్ వోట్ వన్ వాల్యూ’. నా కాజీపేట, హనుమకొండ వాక్యమే! మనిషి నుంచి ఓటుకు, ఓటు నుంచి విలువకు గొలుసు. ఆ వెంటనే, సామాజిక ఆర్థిక జీవితంలో మనం నిరాకరిస్తూ పోయే సూత్రం ‘వన్ మ్యాన్ వన్ వాల్యూ’ అంటాడు. గొలుసు మధ్యలోని ఓటు అనే లంకె జారిపోయింది. మనిషికీ విలువకూ నేరుగా ముడి పడవలసిన చోట ముడి లేదు. చెప్పదలచిన విషయమంతా ఆ జారిపోయిన మాటలో ఉంది.

వలిచి చూశాను. గొలుసు తీసినా, తరువాత రెండుసార్లు వచ్చే ‘ఎంతకాలం’ అన్న ప్రశ్నలు తీసినా వాదం చెక్కుచెదరలేదు. మూడు రంగుల్లో ఆ పేజీలో నీలమే ఎక్కువ. అలంకారం ఉన్నది వాదం లేని లోటు కప్పడానికి కాదు, ఉన్న వాదాన్ని మనకు గుర్తుండేలా చేయడానికి.

పద్నాలుగో వారం

1991 జూలై 24 బడ్జెట్ ప్రసంగం. సమయం వచ్చిన ఆలోచనను ఏ శక్తీ ఆపలేదని ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో పేరుతో మన్మోహన్ సింగ్ ముగించారు. అరువు తెచ్చుకున్న పెద్దరికం కనుక ఆకుపచ్చ. అదను చూసి చెప్పడాన్ని కైరోస్ అంటారు. ఇక్కడ అదను గురించే మాట్లాడుతున్నారు. అప్పటి ప్రధాని మన వంగర పీవీ అని ఈ పేజీ అంచున ఒక నక్షత్రం గీసుకున్నాను, అంతకుమించి కారణం లేదు.

పదిహేనో వారం

బతుకమ్మకు అక్క వచ్చింది. నేను గెటిస్‌బర్గ్ ప్రసంగం కాగితం ముందేసుకుని ఉన్నాను: 1863 నవంబర్ 19, లింకన్, ‘ఆఫ్ ద పీపుల్, బై ద పీపుల్, ఫర్ ద పీపుల్’. కుడివైపు నిలువు వరసలో ఒకే మాట దిగింది. ఇది ఎపిస్ట్రఫీ, నా భాషలో ‘తోకకట్టు’. అక్క భుజం మీదుగా తొంగి చూసి, “ఇందులో ఏముంది తమ్ముడూ, మా పాటల్లో ప్రతి వరస చివరా ఉయ్యాలో రాదా?” అంది. కాదనలేకపోయాను. ఆకారం ఒకటే. పని మాత్రం వేరు. ఉయ్యాలో చప్పట్లను కలుపుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు కూడా గొంతు కలపడానికి చోటిస్తుంది. లింకన్ తోక మాత్రం బరువంతా ప్రజల మీద మోపుతుంది.

ఆమె వెళ్లాక ఇంకొకటి తట్టింది. బడిలో మనం దాన్ని ‘ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు’ అని చదువుకున్నాం. మన విభక్తులు మాట వెనక వస్తాయి కనుక, తెలుగులోకి రాగానే తోకకట్టు తలకట్టుగా మారిపోయింది. ఆ రాత్రి పన్నెండు దాటాక పడుకున్నాను.

పదహారో వారం

మా అమ్మాయి మళ్లీ ఇరవై వాక్యాలు ఇచ్చింది. పదహారు సరిపోయాయి. పోయిన నాలుగింటిలో మూడు ఒకే చోట. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అంటే ఊరి పేరుతో ప్రభుత్వాన్ని అనడం, అది మెటానమీ. ‘ఇంట్లో ఆరు నోళ్లు’ అంటే భాగంతో మనిషిని అనడం, అది సినెక్డకీ. తెలుగులో తేడా తెలుస్తోంది, ఇంగ్లీషు వాక్యం ఎదురైతే చేయి తడబడుతోంది. “నాన్నా, ఈ రెండూ మా సార్‌కు కూడా కలిసిపోతాయి” అని ఓదార్చింది. దాన్ని ఆకుపచ్చలో వేయాలో ఎరుపులో వేయాలో తేలలేదు.

నోటుపుస్తకంలో ఇంకా 38 పేజీలు ఉన్నాయి. వచ్చే వారం పత్తి దిగుతుంది. ఇక రోజుకు నలభై నిమిషాలు కుదరవు, ఆదివారం గంటన్నర కూర్చోవాలి. దుకాణానికి వచ్చే పురుగుమందుల ఇంగ్లీషు కరపత్రాలు ఐదు దాచి ఉంచాను. మొదట వాటిని వలుస్తాను.