మాట కుదిరిన తరువాత మళ్ళీ బేరం

అమ్మ పదిహేనేళ్ళు కుట్టిన కాలి కుట్టు మిషన్‌ను గత వారం ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. బాబిన్ కేసు కొత్తదని, బెల్టు అరిగిపోయిందని, ధర 6,000 రూపాయలని ముందే రాశాను. చాలామంది "ఆఖరు ఎంత?" అని మాత్రమే అడిగారు. వస్తువు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ధర తగ్గించమనడం బేరం కాదని నా అభిప్రాయం.

ఫోనులో 5,000కు ఒప్పుకున్న ఒకరు నల్లగొండలోని మా ఇంటికి వచ్చి, మిషన్‌ను ఆటోలోకి ఎక్కించిన తరువాత, తన దగ్గర 3,500 మాత్రమే ఉన్నాయన్నారు. కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది, ఎందుకంటే ఆయన మాట నమ్మి, మరో ఇద్దరు అడిగితే మిషన్ అమ్ముడుపోయిందని చెప్పేశాను. మిషన్‌ను దింపించాను.

మరునాడు, అదే 5,000కు మాట అనుకుని, మిర్యాలగూడ నుంచి ఒక అక్క వచ్చారు. పాత గుడ్డపై రెండు వరుసలు కుట్టి చూసి, మిషన్‌లో గుడ్డను నొక్కి పట్టే పాదం కింది పళ్ళు అరిగి గుడ్డ సరిగా జరగడం లేదని చూపించి, "తమ్మీ, ఇవి మార్పియ్యాలె, ఒక 400 తగ్గియ్యి" అని అడిగారు. అది నేను గమనించని లోపం, కనుక ఆ బేరం న్యాయమైనది, వెంటనే తగ్గించాను. ఫోనులో డబ్బు పంపి, నా ఖాతాలో జమ అయిందని నేను చూసుకునేదాకా ఆగారు.

ఆ సాయంత్రమే ప్రకటన తొలగించి, అంతకుముందు అడిగిన ఇద్దరికీ జరిగినదంతా చెప్పాను.