పసుపెక్కిన హెడ్‌లైట్లు: సర్వీస్ సెంటర్‌లో పోయిన పరువు, హార్డ్‌వేర్ షాపులో దొరికిన పరిష్కారం

నిన్ననే పని పూర్తయింది. గోళ్ల సందుల్లో రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే ముద్ద) ఇంకా పోలేదు.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటుకు కవర్డ్ పార్కింగ్ లేదు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి మా పాత కారు హెడ్‌లైట్లు పసుపెక్కిపోయాయి. రాత్రిపూట బాగేపల్లి మీదుగా అనంతపురం వెళ్లాలంటే టెన్షనే.

మొదట తెల్ల టూత్‌పేస్ట్ రుద్దాను. అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపై మసక పోయింది, కొన్నాళ్లకే మళ్లీ వచ్చింది. వంటసోడా, వెనిగర్ కలిపితే బాగా పొంగుతుంది, అంతే. కింది ఫ్లోర్ బాబాయ్ గారు దోమలు కుట్టకుండా ఒంటికి కొట్టుకునే స్ప్రే కొట్టమన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అందులో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌నే మెత్తబరుస్తుంది. ఆ మెరుపు చూసి మురిసిపోతే తర్వాత లైటే పాడవుతుంది.

చివరికి సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి అడ్వైజర్ నా మొహం చూడకుండానే "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. కారు నాది, నడిపేది నేను, డబ్బులిచ్చేది నేను. లైటు మీద వేలితో గీకి, పక్కనున్న కుర్రాళ్లను పిలిచి చూపించి నవ్వాడు. "రెండు హెడ్‌లైట్ అసెంబ్లీలూ మొత్తంగా మార్చాల్సిందే మేడమ్, పాలిష్‌తో పోయేది కాదు" అని ఎస్టిమేట్ నా చేతిలో పెట్టాడు. నా నెల కిరాయిలో సగం! లోపల ఏమైనా పగిలిందా అని అడిగితే "మీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. పైగా బల్బులు తీసేసి తెల్ల ఎల్‌ఈడీలు వేయించుకోమని ఉచిత సలహా. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనక కాంతిని ముందుకు తిప్పే మెరిసే గిన్నెలో) అవి పెడితే కాంతి అడ్డదిడ్డంగా చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. మన రోడ్ల మీద సగం మంది చేస్తున్న పాపం ఇదే. నాకు చూపు కావాలని ఇంకొకడిని గుడ్డివాణ్ణి చేయాలా?

ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

మా వీధి హార్డ్‌వేర్ షాపులో కూర్చునేది మదనపల్లె అన్న. విషయం వినగానే "అద్దం కాదక్కా అది, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. కంపెనీలో పైన వేసిన పూత ఎండకు చచ్చిపోయింది, దాన్ని గీకేస్తే సరి" అని 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ సన్నం), మాస్కింగ్ టేప్, చిన్న డబ్బా కాంపౌండ్ ఇచ్చాడు. అన్నీ కలిపి ఆ ఎస్టిమేట్ మీద వేసిన జీఎస్టీ అంత కూడా కాలేదు.

లైటు చుట్టూ పెయింట్‌కు టేప్ అతికించి, పేపర్‌ను షాంపూ నీళ్లలో నానబెట్టి మొదలుపెట్టాను. 1000తో అడ్డంగా, 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా. మొదట కారే నీళ్లు పసుపుగా, జిగటగా ఉంటాయి. రుద్దేకొద్దీ పాలలా తెల్లబడతాయి. పసుపు పూర్తిగా పోయేదాకా 1000 వదలకూడదు. ఈ దశలో లైటు మొత్తం తెల్లగా, ముందుకన్నా ఘోరంగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. 2000 అయ్యాక పాత కాటన్ బనీను ముక్కతో కాంపౌండ్ రుద్దుతుంటే లోపలి బల్బు మెల్లగా తేలుతుంది. నా భుజాలు పడిపోయాయి గానీ, అంత బాగా ఆ సర్వీస్ సెంటర్‌లో ఎవరూ చేయలేరని రాసిస్తాను.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే. పాత పూత పోయింది కాబట్టి ప్లాస్టిక్‌కు ఎండ నుంచి రక్షణ లేదు. యూవీ క్లియర్ కోట్ (ఎండను ఆపే పారదర్శక పూత) స్ప్రే చేయిస్తే ఎక్కువ కాలం ఆగుతుంది. నేను ప్రస్తుతానికి కారు వ్యాక్స్ రాశాను, నెలనెలా రాస్తాను. పార్క్ చేసేటప్పుడు కారు ముందు భాగం గోడ నీడకు తిప్పుతున్నాను. మసక లోపలి వైపు ఉంటే, అంటే తేమ చేరి ఉంటే, బయట ఎంత రుద్దినా పోదు. అప్పుడు సీల్ చూపించుకోవాలి, అదీ మీ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పే మెకానిక్ దగ్గర.